రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 - 1932 సెప్టెంబరు 16) బ్రిటిషు వైద్యుడు, పరాన్నజీవి శాస్త్రవేత్త. దోమ శరీరంలో మలేరియా పరాన్నజీవి పెరుగుదలను మొట్టమొదట గుర్తించినది ఇతడే. ఈ ఆవిష్కరణ 1897 ఆగష్టు 20న సికింద్రాబాదులో జరిగింది. మలేరియాపై చేసిన కృషికి 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బాల్యం, ఉద్యోగం

రాస్ హిమాలయ ప్రాంతంలోని ఆల్మోరాలో జన్మించాడు. తండ్రి భారత సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో ఇతడు పెద్దవాడు. చిన్ననాటినుండి కవిత్వం, చిత్రలేఖనం, గణితం పట్ల మక్కువ ఉన్నప్పటికీ తండ్రి కోరిక మేరకు లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్య అభ్యసించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేశాడు. తొలి సంవత్సరాలలో వైద్యవృత్తి కంటే కావ్యరచన, గణితాలకే ఎక్కువ సమయం వెచ్చించాడు.

అప్పటికి మలేరియా చెడుగాలి వలన వస్తుందనే నమ్మకం ప్రబలంగా ఉండేది. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో పరాన్నజీవిని కనుగొన్నాడు గాని, అది మనిషి నుండి మనిషికి ఎలా చేరుతుందో తెలియలేదు. 1894లో సెలవుపై లండను వెళ్ళిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించి, దోమల మీద దృష్టి పెట్టమని సూచించాడు. అయితే దోమలు చచ్చిపడిన నీటిని తాగడం వలన జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. 1895లో సికింద్రాబాదు చేరిన రాస్ అటువంటి నీటిని కొందరిచేత తాగించి చూశాడు. నేటి వైద్యనీతి ప్రకారం ఇటువంటి ప్రయోగానికి అనుమతి లభించదు.

సికింద్రాబాదు పరిశోధన

రెండేళ్ళపాటు రాస్ కోసి పరీక్షించిన దోమలలో అధికభాగం బూడిదరంగు దోమలు, చారల దోమలు. వాటిలో మలేరియా పరాన్నజీవి పెరగదు. ఈ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. శ్రమంతా వృథా అయింది. మధ్యలో ఊటీ ప్రాంతానికి వెళ్ళినపుడు రాస్‌కే మలేరియా సోకింది.

1897 ఆగష్టులో రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమలు కొన్ని లభించాయి. ఆగష్టు 16న పది దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చారు. ఇందుకు ఆ రోగికి దోమకు ఒక అణా చొప్పున చెల్లించారు. దోమలు ఎగిరిపోతాయని పంఖా వాడేందుకు వీలులేదు. నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. ఆగష్టు 20న, చివరికి మిగిలిన కొద్ది దోమలలో ఒకదానిని కోసినపుడు జీర్ణాశయపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని వర్ణక రేణువులు ఉన్నాయి. రోగి రక్తంలోని మలేరియా పరాన్నజీవిలో కనిపించేవి సరిగ్గా అటువంటి రేణువులే. మరునాడు మరొక దోమను కోయగా అవే కణాలు పరిమాణంలో పెరిగి ఉన్నాయి. అంటే దోమలో పరాన్నజీవి బ్రతకడమే కాక పెరుగుతున్నది. ఈ రెండవ దోమ లేకుంటే మొదటి దోమ సాక్ష్యం బలహీనంగా ఉండేది. ఈ పరిశీలన 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది.

పేరులేని దోమ

రాస్ జంతుశాస్త్రం చదివినవాడు కాదు. తాను చూసిన దోమకు శాస్త్రీయ నామం ఇవ్వలేక, రెక్కల మచ్చలను, పడవ ఆకారపు గుడ్లను మాత్రమే వర్ణించాడు. ఆ దోమ అనాఫిలిస్ ప్రజాతికి చెందినది. బహుశా అనాఫిలిస్ స్టీఫెన్సీ అని తరువాతివారు భావించారు. ఆ జాతికి పేరుపెట్టినది 1901లో. కనుక 1897లో ఎంతటి నిపుణుడైనా ఆ పేరు చెప్పగలిగేవాడు కాదు. అయినా ఈ లోపమే తరువాత పెద్ద వివాదానికి దారితీసింది.

సెప్టెంబరులో రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు బహు తక్కువ. 1898లో కలకత్తా చేరాక ప్లేగు టీకా భయంతో జనం రక్తం ఇవ్వడానికి నిరాకరించారు. అందువలన పక్షుల మలేరియాను ఎంచుకున్నాడు. జులైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కుట్టినపుడు ఆరోగ్యవంతమైన పక్షికి సోకుతుందని నిరూపించాడు. అదే ఏడాది చివరలో ఇటలీలో గ్రాసీ, బిగ్నామి, బాస్టియనెల్లి మనుషుల మలేరియా అనాఫిలిస్ ద్వారా వ్యాపిస్తుందని చూపారు. ఘనత ఎవరిదన్న తగవు ఏళ్ళతరబడి సాగింది. గ్రాసీ పట్ల రాస్ ప్రవర్తన ఉదారమైనదని చెప్పలేము. నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే దక్కింది.

తరువాతి జీవితం

1899లో భారతదేశం విడిచి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరాడు. సియెర్రా లియోన్, మారిషస్ వంటిచోట్ల దోమల నివారణపై పనిచేశాడు. దోమలను పూర్తిగా నిర్మూలించనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకు లోపల ఉంచితే వ్యాధి క్రమంగా అంతరిస్తుందని గణితం ద్వారా చూపాడు. అంటువ్యాధుల గణితశాస్త్రానికి ఇది పునాదులలో ఒకటి. 1911లో సర్ బిరుదు లభించింది. 1923లో స్వీయచరిత్ర ప్రచురించాడు. తన పనికి ప్రభుత్వం తగిన ప్రతిఫలం ఇవ్వలేదన్న అసంతృప్తి చివరివరకు ఉండేది. 1928లో తన పత్రాలను అమ్మకానికి పెట్టాడు. 1932లో లండనులో మరణించాడు.

ఆగష్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. పరిశోధన జరిగిన భవనం హైదరాబాదు బేగంపేటలో పాత విమానాశ్రయానికి సమీపంలో ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం అక్కడ సర్ రోనాల్డ్ రాస్ పేరిట పరాన్నజీవి శాస్త్ర సంస్థను నెలకొల్పింది.