కలియుగ భీముడు కోడి రామమూర్తి

శరీరబలం రెండు విధాలు. క్షణకాలంలో పెనుభారాన్ని పైకెత్తే కండబలం ఒకటి. క్రోసులకొలది దూరం అలుపులేక పరుగెత్తించే ఊపిరిబలం మరొకటి. ఈ రెండింటినీ ఒకే దేహంలో నిలుపుకోవడం కష్టసాధ్యం. కండల సాధనకు శ్వాససాధనను తోడుచేసి జగత్ప్రసిద్ధి పొందిన తెలుగువీరుడు కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయిన రామమూర్తి విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగారు. చదువుకంటె వ్యాయామశాలే ఆయన మనసును ఆకట్టుకొంది. కుస్తీలోనూ, బరువులెత్తడంలోనూ ఆరితేరారు. మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు.

అనంతరం పొట్టి పంతులు అనే మిత్రుని ప్రోత్సాహంతో సర్కస్ సంస్థను స్థాపించి దేశమంతటా ప్రదర్శనలిచ్చారు. రెండు కార్లను గొలుసులతో తన భుజాలకు కట్టించుకొని కదలకుండా ఆపేవారు. రొమ్ముపై ఏనుగును నిలిపించుకొనేవారు. ఛాతీకి ఇనుపగొలుసు బిగించి, ఊపిరి పూరించి దానిని తెంచేవారు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట బలప్రదర్శన చేసి, ఇండియన్ హెర్క్యులిస్ అనే బిరుదు పొందారు. కలియుగ భీముడని ప్రజలు కీర్తించారు.

ఈ విద్యల వెనుక ఉన్నది కండ ఒక్కటే కాదు. నిండుగా పీల్చి బిగబట్టిన గాలి మొండెంలో ఒత్తిడిని పెంచి, వెన్నెముకకు ఆసరా అవుతుంది. ఆ ఆసరా లేకపోతే ఎంతటి కండలైనా పెద్దబరువు కింద నిలువలేవు. రామమూర్తి ప్రాణాయామాన్ని నిష్ఠతో అభ్యసించారు. ఆయన శాకాహారి కూడా.

ఈనాడు యువకులు ఉదయం పరుగు, సాయంత్రం బరువులు అంటూ రెండు సాధనలనూ చేపడుతున్నారు. పరుగు గుండెకు సత్తువనిచ్చి, కండరాలలో సన్నని రక్తనాళాలను పెంచుతుంది. బరువులు కండరపు పోగులను లావుచేస్తాయి. రెండింటినీ మితిమీరి చేస్తే ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. 1980లో అమెరికా శాస్త్రవేత్త హిక్సన్ ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. పది వారాలపాటు రెండు సాధనలనూ తీవ్రంగా చేసినవారిలో బలం కొన్ని వారాలు పెరిగి, ఆపై నిలిచిపోయి, చివరకు తగ్గనారంభించింది. అలాగని ఏ ఒక్కదానినీ విడిచిపెట్టనక్కరలేదు. తన ప్రధానలక్ష్యమేదో ముందుగా నిర్ణయించుకొని, రెంటి నడుమ కొన్ని గంటల విరామమిచ్చి, చాలినంత ఆహారం, నిద్ర దేహానికి సమకూర్చాలి.

రామమూర్తి సంపాదించిన ధనాన్ని ఉదారంగా దానధర్మాలకు వెచ్చించారు. విధి మాత్రం ఆయనను కఠినంగా పరీక్షించింది. కాలికి పుండు లేచి ముదరగా, వైద్యులు ఆ కాలిని తొలగించవలసి వచ్చింది. ఆ సమయంలో ఆయన మత్తుమందు నిరాకరించి, ప్రాణాయామంతోనే బాధను ఓర్చుకొన్నారని చరిత్రకారులు చెబుతారు. ఏనుగును మోసిన దేహం ఒంటికాలిపై నిలువవలసి వచ్చిన వేళ ఆయనకు తోడైనది తాను జీవితమంతా సాధించిన ఊపిరే. ఒడిశాలోని బలంగీర్‌లో 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు.

విశాఖపట్నం సాగరతీరంలో ఆయన విగ్రహం, శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడాప్రాంగణం వెలసినాయి. విగ్రహాన్ని చూసినవారికి కండలే కనిపిస్తాయి. ఆ కండలను నడిపిన శ్వాస కంటికి కనిపించదు. బలాన్ని కోరే యువతరం ఆయన జీవితం నుండి నేర్వవలసింది, కంటికి కనిపించని ఆ సాధననే.