చప్పట్ల వెనక సందేహం

టామ్ సింప్సన్ పేరు విన్నారా? 1937లో ఇంగ్లండ్‌లో ఓ గని కార్మికుడి ఇంట పుట్టాడు. 1956 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. 1962లో టూర్ డి ఫ్రాన్స్ పసుపు జెర్సీ వేసుకున్న తొలి బ్రిటిష్ సైక్లిస్ట్. 1965లో ప్రపంచ చాంపియన్.

1967 టూర్. జులై 13న మండుటెండలో మాంట్ వెంటూ కొండ ఎక్కుతూ కుప్పకూలి చనిపోయాడు. 29 ఏళ్లే. పోస్టుమార్టంలో యాంఫెటమిన్ అనే ఉత్ప్రేరకం బయటపడింది. ఒళ్లు చాలంటున్నా అలసట తెలియనివ్వని మందు అది.

అభిమానులు నేటికీ అక్కడి స్మారకం దగ్గర ఆగి టోపీలు, నీళ్ల సీసాలు ఉంచి వెళ్తారు. అయినా ఆ పాత విజయాలైనా సొంత సత్తావేనా అన్న అనుమానం వీడలేదు. తర్వాతి రైడర్లదీ అదే తలనొప్పి: కొండపై దూసుకెళ్తే చప్పట్లతో పాటే సందేహమూ.

మీ రెజ్యూమె సంగతీ అంతే. ఒక్క అబద్ధం దొరికితే చాలు, చెమటోడ్చి సాధించినవాటినీ నమ్మరు.