లైసెన్సు కాగితమే పంట: లేడీ బర్డ్ జాన్సన్ టీవీ ముచ్చట

టీవీ స్టేషన్ పెట్టాలంటే ఏం గావాలె అని అడిగితే పైసలు, కెమెరాలు, యాంకర్లు అంటరు. వాటన్నిటికంటె ముందుగాల గావాల్సింది సర్కారిచ్చే కాగితం. గా కాగితం ఎంత బంగారమో తెలువాలంటే నేను లేడీ బర్డ్ జాన్సన్ బతుకు చెప్తా. అమెరికా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ భార్య అని చానమందికి తెలుసు. టెక్సస్‌ల ఒక టీవీ స్టేషన్‌కు ఓనర్ అని తెలిసినోళ్లు తక్కువ.

ఆమె అసలు పేరు క్లాడియా ఆల్టా టేలర్. 1912 డిసెంబర్ 22న టెక్సస్‌ల కార్నాక్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టింది. నాయినకు దుకాణం, భూములు ఉండె. ఐదేండ్లకే తల్లి పోయింది. సాదిన ఆయమ్మ ముద్దుగ పిలిచిన పేరే ఆఖరుదాక నిలిచింది. టెక్సస్ యూనివర్సిటీల చరిత్ర, జర్నలిజం రెండు డిగ్రీలు చేసింది. ఆడపిల్లలు కాలేజీ మెట్లెక్కుడే తక్కువున్న కాలం అది. 1934ల లిండన్‌ను లగ్గం చేసుకున్నది. 1937ల ఆయన కాంగ్రెస్‌కు నిలబడితే, తల్లి ఆస్తి కింద రావాల్సిన పైసలు ఎలక్షన్ ఖర్చుకు ఇచ్చింది.

అసలు కథ 1943ల షురువైంది. ఆస్టిన్‌ల కేటీబీసీ అని ఒక రేడియో స్టేషన్ నష్టాలల్ల మునిగి ఉండె. 250 వాట్ల పవర్, పొద్దుగూకితే బంద్. దాన్ని 17,500 డాలర్లకు ఆమె కొన్నది. ఉట్టిగ సంతకం పెట్టి ఊకోలే. ఆస్టిన్‌ల నెలల తరబడి ఉండి లెక్కల బుక్కులు తిరగేసింది, ఆఫీసు సాఫ్ చేసింది, యాడ్‌ల వెంబడి తిరిగింది. అదే ఏడు ఆగస్టుల మొదటి లాభం వచ్చింది. ఎంత? 18 డాలర్లు!

మెహనత్ ఉన్నది, కాదనను. కని ఇంకో ముచ్చట గూడ చెప్పాలె. అమెరికాల రేడియోకు, టీవీకి పర్మిషన్ ఇచ్చేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్. ఆ కమిషన్‌కు నిధులిచ్చేది కాంగ్రెస్. ఆ కాంగ్రెస్‌ల ఈమె పెనిమిటి మెంబర్. ఆమె చేతికి వచ్చినంక 1943లనే స్టేషన్‌కు రాత్రి పగలు నడిపే పర్మిషన్, 1,000 వాట్ల పవర్ దొరికినయి. తర్వాత అది 5,000 వాట్లకు పోయింది. స్టేషన్ నా భార్యది, నాకు సంబంధం లేదని ఆయన ఆఖరుదాక చెప్పుకుంటనే ఉన్నడు. కాగితాల మీద అది నిజమే. కని కాగితం ఇచ్చే ఆఫీసుల కూసున్నోళ్లకు ఆ భార్య ఎవరి భార్యనో తెల్వదా?

1948 సంది 1952 దాక కమిషన్ కొత్త టీవీ స్టేషన్లకు పర్మిషన్లు ఆపేసింది. మళ్ల ఇచ్చుడు మొదలువెట్టంగనే ఆమె టీవీల దిగింది. లిండన్ వెనుకముందు ఆడినా, నా పైసలు నా ఇష్టమని ముందుకే పోయింది. 1952 నవంబర్ 27న చానల్ 7 మొదలైంది. ఆస్టిన్‌కు కమిషన్ ఇచ్చిన వీహెచ్ఎఫ్ వ్యాపార చానల్ అదొక్కటే. యూహెచ్ఎఫ్ చానళ్లను అప్పటి టీవీ సెట్లు చాలామటుకు పట్టకపోతుండె. గందుకే 1965 దాక ఆ ఊర్ల ఇంకో వ్యాపార స్టేషన్ రాలే. మూడు పెద్ద నెట్‌వర్క్‌ల ప్రోగ్రాములు దీంట్లనే వచ్చేటియి. యాడ్ ఇయ్యాలన్నా ఇదే దర్వాజ తట్టాలె. ఊర్ల ఒక్కటే కిరాణా దుకాణం ఉంటే ధర ఎవరు పెడ్తరు? గట్లనే ఇది గూడ. గా ఏండ్లల్లనే లిండన్ సెనేట్‌ల తన పార్టీ లీడర్ అయిండు.

1963 నవంబర్‌ల ఆయన ప్రెసిడెంట్ అయినంక స్టేషన్‌ను ట్రస్టు చేతుల పెట్టిన్రు. అయినా అడిగేటోళ్లు అడిగిన్రు. వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి లూయిస్ కోల్మైర్ జాన్సన్ల ఆస్తి ఎట్ల పెరిగిందో తవ్వి రాసిండు. 1965ల ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. కుర్సీల ఉన్న ప్రెసిడెంట్ ఆస్తి మీద రాసి బహుమతి తెచ్చుకున్నడు. గది యాది పెట్టుకోవాలె.

1973 జనవరి 22న లిండన్ చచ్చిపోయిండు. అదే ఏడు టీవీ స్టేషన్ టైమ్స్ మిర్రర్ కంపెనీ చేతికి పోయింది. ధర 90 లక్షల డాలర్లు. రేడియోను మాత్రం అమ్మలే, ఇంటి పేరు మీద కేఎల్‌బీజే అని పెట్టుకున్నరు. రోడ్ల పొంట పూలచెట్ల కోసం పనిచేసిన ఆమెగ లోకం యాది చేసుకుంటది. 2007 జూలై 11న 94 ఏండ్ల వయసుల కన్నుమూసింది.

నేను ఆమెను దొంగ అంటలేను. అధికారం అడ్డం పెట్టుకున్నదని కోర్టుల రుజువైంది లేదు. తెలివి, లెక్క, ఓపిక ఆమెకు నిండుగ ఉన్నయి. కని అంతే తెలివి ఉండి, ఇంట్ల లీడర్ లేని ఇంకో ఆడమనిషికి గా చానల్ దొరికేదా? నా లొల్లి గిదే.

మన దగ్గర గూడ చానల్‌కు పర్మిషన్ ఢిల్లీల సమాచార ప్రసార శాఖ ఇయ్యాలె. తమ్మీ, చెల్లె, రేపు ఏదన్న చానల్ల మీ మండలం ముచ్చట వస్తే వార్త ఒక్కటే జూసి ఊకోకుండ్రి. ఓనర్ ఎవరు, ఆయనకు అయినోళ్లు ఏ కుర్సీల ఉన్నరు, యాడ్‌లు ఎక్కడికెళ్లి వస్తున్నయి అని గూడ అడుగున్రి. అడుగుడుకు ఏ లైసెన్సూ అవసరం లేదు.