ఇంద్రలాల్ రాయ్: ఒక వైమానికుని జీవితం

కోలారు బంగారు గనులలోని మన తెలుగు కుటుంబాలలో అనేకుల పెద్దలు చిత్తూరు, అనంతపురం ప్రాంతాలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే. వారు పదివేల అడుగుల లోతుకు దిగి పనిచేసిన గనులు 2001లో మూతపడినవి. అయినా వలస వచ్చినవారి బిడ్డ ఏ గడ్డకు చెందినవాడన్న ప్రశ్న మన ఇళ్ళలో మిగిలే ఉన్నది. అందుకే ఈ ఉగాది సంచికకు, భూమి లోతులకు బదులు ఆకాశాన్ని వరించిన ఒక వలసబిడ్డ జీవితాన్ని ఎంచుకొన్నాము.

ఇంద్రలాల్ రాయ్ 1898 డిసెంబరు 2న కలకత్తాలో ఒక బారిష్టరు ఇంట జన్మించాడు. లండనులో పెరిగి, సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో రాయల్ ఫ్లయింగ్ కోరులో చేరబోగా, కంటిచూపు చాలదని త్రిప్పిపంపారు. అతడు తన మోటారు సైకిలు అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి వైద్యునిచేత మరల పరీక్ష చేయించుకొని నెగ్గాడని ప్రసిద్ధి. భారతీయులకు సైన్యంలో అధికారి పదవులు దాదాపు అందని ఆ రోజులలో, 1917 జులైలో అతనికి కమీషను లభించింది.

అదే ఏడు డిసెంబరు 6న విమానం కూలి గాయపడ్డాడు. ఎగరడానికి తగడని వైద్యులు నిర్ణయించినా పట్టు విడువలేదు. 1918 జూనులో 40వ స్క్వాడ్రనులో చేరాడు. జులై 6 మొదలు 19 వరకు అతని పేర పది విజయాలు నమోదైనవి.

పది విమానాలనూ ఒంటిగా నేలకూల్చాడని పొగడుట కద్దు. లెక్కలు పరిశీలించగా, వాటిలో రెండు సహచరులతో పంచుకొన్నవి. కొన్ని విమానాలు అదుపు తప్పినట్లు మాత్రమే వ్రాయబడినవి. ఉన్నది ఉన్నట్లు చెప్పినందువలన అతని కీర్తికి లోటు రాదని మా నమ్మకం. రెండు వారాలలో అది సామాన్యమైన సాహసం కాదు.

జులై 22న ఫ్రాన్సులో కార్విన్ పట్టణం మీద జర్మన్ ఫోకర్ విమానాలతో పోరాడుతూ మరణించాడు. ఇరవయ్యేళ్ళయినా నిండలేదు. మరణానంతరం అతనికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటించారు. ఆ పతకం పొందిన మొదటి భారతీయుడు అతడే.

పుట్టినది వంగదేశం, పెరిగినది ఇంగ్లండు, ప్రాణం విడిచినది ఫ్రాన్సు. పోరాడినదేమో తన దేశాన్ని ఏలుతున్న దొరల పక్షాన! ఇతనిని ఎవరివాడనాలి? ఎస్తెవెల్ గ్రామంలోని అతని సమాధిపై ఫ్రెంచివారికి తెలియడానికి ఫ్రెంచి ఉన్నది. దానితోపాటు, ఆ ఊరిలో చదువగలవారు లేకున్నా, బెంగాలీ ఉన్నది. బిడ్డ ఎంత దూరం పోయినా అమ్మభాష అతని పేరు విడువలేదు.

మన పిల్లలు కన్నడదేశంలోనో, కడలికావలనో స్థిరపడవచ్చు. ఆ దేశానికి నిండుమనసుతో సేవచేయవచ్చు. ఇంటిలో తెలుగు నిలిపితే చాలు. వారు ఎవరివారన్న ప్రశ్నకు వారే జవాబు చెప్పుకొనగలరు.