జార్జ్ వాషింగ్టన్ కార్వర్: రెండు కాలేజీల నడుమ

ఇంటర్ ఫలితాలు రాగానే మన హాస్టల్ వరండాలో ఒకటే చర్చ. ఏ కాలేజీలో చేరాలి? ఏ కోర్సు తీసుకోవాలి? అడిగి తెలుసుకుందామంటే మనలో చాలామందికి ఇంట్లో చదువుకున్న పెద్దవాళ్ళు లేరు. అలాంటి తమ్ముళ్ళ కోసం ఈ వార్షికోత్సవ సంచికలో కార్వర్ జీవితాన్ని పరిచయం చేస్తున్నాం.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో డైమండ్ అనే పల్లె దగ్గర, 1864 ప్రాంతంలో కార్వర్ బానిస తల్లికి పుట్టారు. పసికందుగా ఉన్నప్పుడే దుండగులు తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు గానీ తల్లి మళ్ళీ కనిపించలేదు. ఊళ్ళోని బడిలో నల్లజాతి పిల్లలకు చోటు లేదు. అందుకే చిన్నతనంలోనే చదువు కోసం ఇల్లు విడిచారు. ఊరూరా తిరుగుతూ, బట్టలు ఉతికి, వంటలు చేసి, కాన్సాస్ రాష్ట్రంలో హైస్కూలు పూర్తిచేశారు.

అక్కడి హైలాండ్ కాలేజీ ఉత్తరం ద్వారా సీటిచ్చింది. తీరా వెళ్ళాక ఒంటిరంగు చూసి పొమ్మంది. సీటు వచ్చిందని సంబరంగా వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోవడం ఎంత బాధో మనకు వేరే చెప్పాలా? ఆ తర్వాత కొన్నేళ్ళు సేద్యం చేసుకుని బతికారు. చదువు మీద ఆశ మాత్రం చావలేదు.

1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ అనే చిన్న కాలేజీ ఆయనను చేర్చుకుంది. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి ఖర్చులు వెళ్ళదీసుకుంటూ చిత్రలేఖనం, సంగీతం నేర్చుకున్నారు. మొక్కల మీద ఆయనకున్న మక్కువను చిత్రలేఖనం టీచర్ ఎట్టా బడ్ గమనించారు. బొమ్మలు గీసి ఒక నల్లజాతి యువకుడు బతకడం కష్టమని, తన తండ్రి పనిచేసే ఏమ్స్ వ్యవసాయ కాలేజీలో చేరమని సలహా ఇచ్చారు.

ఒకపక్క ప్రాణప్రదమైన కళ, ఆదరించిన కాలేజీ. మరోపక్క తనలాంటి విద్యార్థి ఒక్కడూ లేని కొత్త చోటు. తనవాళ్ళకు ఏ చదువు అక్కరకొస్తుందో ఆలోచించి 1891లో ఏమ్స్‌కే వెళ్ళారు. మొదట్లో అక్కడ విద్యార్థులతో కలిసి భోంచేయనివ్వలేదు. అయినా వెనుదిరగలేదు. 1894లో డిగ్రీ, 1896లో పీజీ పట్టా పొందారు. కుంచెనూ వదల్లేదు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రం గుర్తింపు పొందింది.

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మేరకు అలబామాలోని టస్కెగీ సంస్థకు వెళ్ళి, చివరిదాకా అక్కడే పనిచేశారు. పత్తి వేసివేసి సారం పోయిన చేలలో వేరుశనగ, అలసంద, చిలగడదుంప వేయమని పేద నల్లజాతి రైతులకు నేర్పారు. పీనట్ బటర్ ఆయనే కనిపెట్టారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కానీ వేరుశనగను 105 రకాలుగా వండుకోవచ్చని 1916లో పుస్తకం వేసి రైతుల ఇళ్ళకు తెలియజెప్పారు. 1943 జనవరి 5న కన్నుమూశారు.

మిత్రులారా! పేరున్న కాలేజీ ఏదని మనం అడుగుతాం. మన చదువు ఎవరికి అక్కరకొస్తుందని కూడా అడుగుదాం. ఇష్టమైన విద్యను వదులుకోనక్కరలేదు, కార్వర్ కుంచెలా వెంట తీసుకుపోవచ్చు.