మన్రో దొర

పెన్న, చిత్రావతి నదుల సీమలో హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములు గలవు. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇవి చేరినవి. వీనిలో పెనుకొండ, 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధము పిదప విజయనగర ప్రభువులకు రాజధానియైన చోటు. తరువాత ఈ సీమ పలువురు ప్రభువుల చేతులు మారి మైసూరు సుల్తానుల పాలైనది. 1799లో టిప్పు సుల్తాను మరణింపగా నైజాము వశమైనది. నైజాము 1800లో దీనిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. ఇట్లు ఇయ్యబడిన భూములకు దత్తమండలములని పేరు వచ్చెను. రాయలసీమ అను పేరు 1928లో గాని పుట్టలేదు.

ఆ దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. శిస్తు వసూలు చేయు అధికారిని చూచి రైతు తలుపు మూసికొనుట లోకసహజము. కాని ఈ సీమలోని రైతులు కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి! పరదేశియై, పరాయి కంపెనీ కొలువులో నున్న యొకనికి ఇంతటి మన్నన యెట్లు కలిగినది? అది తెలియవలెనన్న, ఆయన ఇంటి సంగతి మొదట తెలియవలెను.

థామస్ మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో వర్తకుడు. గ్లాస్గో వర్తకులు ఆ దినములలో అమెరికాలోని వర్జీనియానుండి పొగాకు దిగుమతి చేసికొని ధనవంతులగుచుండిరి. వారి వ్యాపారమంతయు అరువుమీద నడచునది. తోటల యజమానులకు బట్టలును, పనిముట్లును ముందుగా అరువిచ్చి, పంట చేతికి వచ్చిన పిదప పొగాకు రూపమున బాకీ రాబట్టుకొనుచుండిరి. ఓడ సుఖముగా వచ్చినంతకాలము ఇది మంచి వ్యాపారమే.

థామస్ గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివెను. గణితమన్నను రసాయనశాస్త్రమన్నను మక్కువ గలవాడు. డాన్ క్విక్సోట్ అను ప్రసిద్ధ గ్రంథమును మూలభాషలోనే చదువగోరి, నిఘంటువు సాయముతో స్పానిషు భాష తనంతట తాను నేర్చుకొనెను. బాల్యమున సోకిన జబ్బువలన అతనికి వినికిడి కొంత తగ్గినది. ఆ లోపము జీవితాంతము తీరలేదు. తండ్రి వ్యాపారము నందుకొనవలెనను తలంపుతో అతడు ఒక వర్తకుల కొట్టులో లెక్కలు వ్రాయుచు పని నేర్చుకొనుచుండెను.

ఇంతలో అమెరికా వలసరాజ్యములు ఇంగ్లండుమీద తిరుగబడెను. 1776లో అవి స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. బ్రిటిషు వర్తకులకు అచ్చట రావలసిన బాకీలు చిక్కుపడిపోయెను. అలెగ్జాండరు మన్రోకు రావలసినవి రాలేదు. ఆయన ఇయ్యవలసినవి మాత్రము నిలిచియే యుండెను. ఋణమునకు ఈ గుణము కలదు: మనకు రావలసిన దానిని యుద్ధము మాపగలదుగాని, మనము ఇయ్యవలసిన దానిని మాపదు. ఆ వర్తకుని తప్పు ఏమియు లేకయే ఇల్లు దివాలా తీసెను. పలువురు బిడ్డలుగల కుటుంబము ఒక్కసారిగా బీదదయ్యెను.

థామస్ చదువు, వ్యాపారము అను ఆశలు రెండును విడిచిపెట్టెను. 1779లో కంపెనీ ఓడయొకదానిలో నావికోద్యోగిగా చేరెను. తండ్రి లండనుదాక వచ్చి ప్రయత్నింపగా, ఆ ఉద్యోగము కంపెనీ సేనలో కేడెట్టు పదవిగా మారెను. 1780 జనవరిలో అతడు చెన్నపట్టణమున దిగెను. అప్పటికి వయస్సు పదునెనిమిది యేండ్లు.

దిగిన వెంటనే అతనికి ఒక పాఠము దొరికెను. మంచి యోగ్యతాపత్రములు చేతబట్టుకొని, ఇంగ్లీషు చక్కగా మాటలాడు పెద్దమనిషి యొకడు సేవకుడుగా చేరెను. సీమనుండి తెచ్చిన ఉన్ని దుస్తులు ఈ యెండలకు పనికిరావనియు, వానిని మార్చి తగినవి కుట్టించి తెచ్చెదననియు నమ్మబలికెను. దుస్తులతోపాటు కొంత ధనమును తీసికొని వెడలిపోయెను. అతడు మరల రాలేదు! కుఱ్ఱవాడు ఆ నష్టము పూడ్చుకొనుటకు నెలల తరబడి ఖర్చు బిగించుకొనవలసివచ్చెను. ఇతర కేడెట్లవలె షాహుకారు గుమ్మము త్రొక్కియుండిన, ఆ అప్పు ఏండ్లకొలది అతనిని వెంటాడియుండును.

ఆ సంవత్సరమే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. మన్రో నాలుగేండ్లపాటు యుద్ధభూములలో గడపెను. సైనికునికి ఖ్యాతి సులభముగా లభించును, జీతము లభించుట కష్టము. కంపెనీ బొక్కసములో సొమ్ము లేక సైనికుల జీతములు బాకీ పడుచుండెను. వచ్చిన కొన్ని వరహాలలో దుబాసీకి, వంటవానికి, చాకలికి ఇయ్యగా తిండికి మిగులునది స్వల్పము. ఇండియాకు వచ్చిన తరువాత మూడేండ్లదాక మన్రోకు తలగడ లేదు. పుస్తకమో, తూటాల సంచియో తలక్రింద పెట్టుకొని నిద్రించెడివాడు. నాలుగు కఱ్ఱలపై బిగించిన గుడ్డయే మంచము. సీమనుండి తెచ్చిన పెద్దకోటు చలికాలమున దుప్పటి యయ్యెను. దాని చేతులలో కాళ్ళు దూర్చి, అంచులు తలపైకి లాగికొని పడుకొనెడివాడు. తరువాత వెల్లూరులో ఇల్లు దొరికినప్పుడు అతనికి ఒక బల్లయు, ఒకే కుర్చీయు ఉండెను. ఇండియాలో దొరలందఱును సుఖముగా బంగారు పళ్ళెములలో భుజింతురని భ్రమించుచున్న చెల్లెలికి, ఈ సంగతులన్నియు 1789లో నవ్వుచు జాబు వ్రాసెను. అందులో సణుగుట మచ్చునకైన కానరాదు.

ఆ జాబులోనే మఱియొక సంగతి కలదు. అప్పటికి అతని సోదరుడు అలెగ్జాండరును ఇండియాకు వచ్చియుండెను. అన్నదమ్ములిద్దఱు కలిసి తండ్రికి ఏటేట నూరు పౌనులు పంపుటకు ఒడంబడిక చేసికొనిరి. నిలిచిపోయిన జీతపు బాకీ చేతికి వచ్చినచో, ఆ సంవత్సరము రెండువందల పౌనులు పంపవలెనని మన్రో తలపెట్టెను. పౌను విలువ నేటి లెక్కలో చూడరాదు. అప్పటి వరహా ఎనిమిది షిల్లింగులు. నూరు పౌనులనగా రెండువందలయేబది వరహాలు. తన వంతు సగమనుకొన్నను నూట యిరువదియైదు వరహాలు. తలగడ కొనలేకపోయిన వానికి అది చిన్న మొత్తము గాదు. ఇక్కడినుండి పంపిన జాబు సీమ చేరుటకు ఆరునెలలు పట్టెడిది. తండ్రి అవసరము తెలిసి పంపుటకు వీలులేదు. అవసరమున్నను లేకున్నను, యుద్ధము నడచుచున్నను ఆగియున్నను, ముందుగా తీసి ప్రక్కన పెట్టవలసినదే. మన్రో మొదట తండ్రి సొమ్ము తీసి, మిగిలినదానిలో తాను బ్రదికెను. చాలమంది దీనికి విరుద్ధముగా చేయుదురు. అందుచేతనే మిగులు కనబడదు.

ఈ కాలముననే అతడు హిందూస్తానీ, పారసీక భాషలు నేర్చెను. పారసీకములో దొరికిన కథయొకటి అతనికి వింతగా తోచెను. బాకీ తీర్పలేనివాని శరీరమునుండి మాంసము కోసికొనుటకు పత్రము వ్రాయించుకొన్న ఋణదాత కథ యది. షేక్స్పియరు రచించిన వెనిసు వర్తకుని నాటకమును తలపించుచున్న ఆ కథను మన్రో ఇంగ్లీషు చేసి మిత్రునికి పంపెను. మలోన్ అను పండితుడు షేక్స్పియరు కృతులను ప్రకటించినప్పుడు దానిని అందు చేర్చెను. వేలకొలది కథలుండగా దివాలా తీసిన వర్తకుని కుమారునికి ఈ కథయే పట్టుబడుట గమనింపదగినది.

1792లో టిప్పు సుల్తాను బారామహలు సీమను కంపెనీకి వదలుకొనెను. కెప్టెన్ రీడు దానికి అధికారియై మన్రోను సహాయకునిగా తీసికొనెను. అచ్చట ఏడేండ్లు ఊరూర తిరిగి భూములను, పంటలను, రైతుల స్థితిగతులను మన్రో తెలిసికొనెను. అనంతరము కొంతకాలము కన్నడ తీరమున పనిచేసి, 1800లో దత్తమండలములకు వచ్చెను.

అప్పటి ఈ సీమ స్థితి దయనీయము. దాదాపు ఎనుబదిమంది పాళెగాండ్రు కోటలలో కూర్చుండి ఎవరికి వారే కప్పము లాగుకొనుచుండిరి. మన్రో వారిని సేనాబలముతో అణచెను. అందులో కాఠిన్యము లేదనుట సత్యము గాదు. తమ పాళెములు పోగొట్టుకొన్నవారికి ఆయన మిత్రుడెట్లగును? ఆయన కేంద్రము అనంతపురము. కాని ఆయన తొలి సంవత్సరములలో మేడలో కాక గుడారములలోనే వసించెను. పెనుకొండ కొండల క్రిందను, ధర్మవరము చెఱువు వంటి చెఱువుల క్రిందను ఏ పొలమెంత, ఎవరిది, ఏమి పండునని కొలిపించి లెక్క వ్రాయించెను. శిస్తును నడుమ నే జమీందారును లేకుండ రైతుతోనే నిర్ణయించి పట్టా నిచ్చు ఈ పద్ధతికి రైతువారీ యని పేరు.

కొలతలతో పాటు ఆయన మఱియొకటి చూచెను. వానలు తప్పిన సంవత్సరమున రైతు ఎద్దుల నమ్మును. లేదా షాహుకారునొద్ద అప్పు తెచ్చి కిస్తు చెల్లించును. మఱుసటి యేడు వాన కురిసినను దున్నుటకు ఎద్దులుండవు, విత్తుటకు గింజలుండవు. కళ్ళములోని ధాన్యము వడ్డీక్రింద పోవును. చివరకు ఒకరాత్రి ఇల్లు విడిచి మఱియొక సీమకు పోవును. ఆ పొలము బీడగును. సర్కారునకు శిస్తును పోవును. 1803లో క్షామము వచ్చినప్పుడు ఈ సంగతి కన్నులకు కట్టినట్లయ్యెను. విత్తనములకును ఎద్దులకును సర్కారు తక్కావి అప్పు లిచ్చుట కలదుగాని, అప్పుమీద అప్పు ఎంతకాలము నిలుపగలదు?

1807 ఆగష్టు 15వ తేదీన మన్రో తన పైయధికారులకు ఒక నివేదిక పంపెను. పంటలో నూటికి నలువదియైదు వంతులు శిస్తుగా పోవుచున్నదనియు, అది మూడవ వంతునకు దిగవలెననియు, అందుకై శిస్తులో నాల్గవ భాగము తగ్గింపవలెననియు సూచించెను. బావులు త్రవ్వి సాగుచేయు తోట భూములకు ఇంకను ఎక్కువ తగ్గింపు కోరెను. రైతు చేత కొంత మిగిలిననే వాడు భూమిని తనదిగా చూచుకొనునని ఆయన తలంపు. వసూలుచేయు కలెక్టరే తగ్గింపుమని కోరుట వింతగదా! కాని కంపెనీ యే యుద్ధముల అప్పులలో మునిగియుండెను. ఋణగ్రస్తుడైన యజమానునికి సేవకుని ఆలోచన రుచింపలేదు. ఆ సూచన త్రోసివేయబడెను.

ఆ సంవత్సరమే మన్రో సెలవుపై స్వదేశమునకు బయలుదేరెను. 1808లో తీరము చేరునప్పటికి ఆయన వయస్సు నలువదియాఱు. పదునెనిమిదవ యేట తల్లిదండ్రులను విడిచిన కుమారుడు ఇరువది తొమ్మిదేండ్లలో ఒక్కమారును ఇంటికి రాలేదు. ముఖములు చూడకయే, జాబులతోను పంపిన సొమ్ముతోను పుత్రధర్మము నెరవేర్చెను. ఇది సుఖమైన ధర్మము గాదు. దగ్గఱనుండి మంచినీళ్ళిచ్చువాడు ఒకడు, దూరముననుండి సొమ్ము పంపువాడు ఒకడు; రెండవవాని కష్టము ఎవరికిని కనబడదు.

ఆయన వెడలిన పిదప దత్తమండలములలో రైతువారీ తీసివేసి, ఊళ్ళను కొన్నేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్త మొత్తములు హెచ్చుగా నుండెను. పెక్కు గుత్తదారులు బాకీలు చెల్లింపలేక ఆస్తులు పోగొట్టుకొనిరి. కొందఱు చెఱసాలకు పోయిరి. మన్రో భయపడినదంతయు జరిగెను. 1814లో ఆయన న్యాయశాఖను సంస్కరించు పనిమీద మరల వచ్చెను. 1820 జూన్‌లో చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. పదుమూడేండ్ల క్రిందట తాను వ్రాసిన నివేదిక బీరువాలలోనే యుండెను. ఇప్పుడు అధికారము తనది. దత్తమండలములలో రైతువారీ మరల వచ్చెను; శిస్తు తగ్గింపు అమలులోనికి వచ్చెను.

పదవి విడిచి ఇల్లు చేరవలెనని ఆయన కోరికను తెలిపియే యుండెనుగాని, బర్మా యుద్ధమువలన అది వాయిదా పడెను. భార్యయు, చిన్న కుమారుడును 1826లో ముందుగా సీమకు వెడలిరి. మన్రో మాత్రము పోవుటకు ముందు తన పాత దత్తమండలములను ఒకమారు చూడగోరెను. 1827లో బయలుదేరిన ఆ ప్రయాణమున పరివారములో కలరా వ్యాపించెను. జూలై 6వ తేదీన పత్తికొండలో ఉదయమున ఆయనకు ఆ జబ్బు సోకెను. ఆ రాత్రియే మరణించెను. శరీరమును గుత్తిలో ఖననము చేసిరి. 1831లో అస్థులను చెన్నపట్టణములోని సెయింట్ మేరీ దేవాలయమునకు మార్చిరి. పత్తికొండలో ఆయన మరణించిన చోట సర్కారు వారు బావి త్రవ్వించి, చెట్ల తోపు వేయించిరి.