జేమ్స్ బాస్కెట్ : పాత్ర వెనుక మనిషి

నటునికి పాత్ర ఒక వస్త్రం వంటిది. రంగస్థలం దిగగానే దానిని విడిచి సహజవేషంతో ఇంటికి వెళ్లగలిగినవాడు భాగ్యవంతుడు. తాను ధరించిన పాత్రనే తన జాతి అంతటికీ స్వరూపమని లోకం భావిస్తే ఆ నటుని గతి ఏమిటి? ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికా దేశపు నల్లజాతి నటులందరూ ఎదుర్కొన్న సమస్య ఇది. జేమ్స్ బాస్కెట్ జీవితంలో ఇది ఎంతో స్పష్టంగా గోచరిస్తుంది. 1948 మార్చి 20వ తేదీన లాస్ ఏంజెలిస్ నగరంలో జరిగిన ఆస్కార్ ఉత్సవంలో ఆయనకు గౌరవ పురస్కారం లభించింది. నల్లజాతి పురుషుడొకడు ఆస్కార్ అందుకొనడం అదే ప్రథమం. అయితే ఏ చిత్రం ఆయనకు ఆ గౌరవం తెచ్చిందో, ఆ చిత్రపు తొలి ప్రదర్శనోత్సవంలో పదహారు నెలల క్రితం ఆయనకు స్థానం లేకపోయింది.

బాస్కెట్ 1904 ఫిబ్రవరి 16న ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపొలిస్ నగరంలో జన్మించాడు. యౌవనంలో ఔషధశాస్త్రం అభ్యసించాడు. ఆ చదువు పూర్తి అయితే మందుల శాలలో గౌరవప్రదమైన జీవనం లభించేదే. కాని మనస్సు నాటకం మీదికి పోయింది. ఆనాటి నల్లజాతి నర్తకులలో అగ్రగణ్యుడైన బిల్ రాబిన్సన్ బృందంలో ఆయన చేరాడు. 1929లో న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలంపై హాట్ చాకొలెట్స్ అనే సంగీత ప్రదర్శనలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి పాల్గొన్నాడు. 1932లో రాబిన్సన్ నటించిన హార్లెం ఈజ్ హెవెన్ అనే చిత్రంలో కనిపించాడు. ఇటువంటి చిత్రాలు నల్లజాతి ప్రేక్షకుల కోసం కొద్దిపాటి ధనంతో తయారయ్యేవి. వాటిలో నల్లజాతివారు వైద్యులుగా, ప్రేమికులుగా, దుష్టులుగా, సజ్జనులుగా అన్ని విధాలా కనిపించేవారు. హాలీవుడ్‌లోని పెద్ద సంస్థల వాకిట మాత్రం వారి కోసం రెండు మూడు పాత్రలే వేచి ఉండేవి: వంటమనిషి, సేవకుడు, భయంతో కనుగుడ్లు తిప్పే హాస్యగాడు. 1943లో వచ్చిన రివెంజ్ ఆఫ్ ది జాంబీస్ అనే భయానక చిత్రంలో బాస్కెట్‌కు దక్కినది కూడా సేవకుని పాత్రయే.

ఈ మూస పాత్రలు హాలీవుడ్‌లో పుట్టినవి కావు. 1830 ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్లజాతి నటుడు ముఖానికి మసి పూసుకొని, జిమ్ క్రో అనే పేరుతో ఒక నల్లజాతివానిని అనుకరిస్తూ ఆడిపాడాడు. ఆ ఆట జనానికి నచ్చింది. దానివెంట మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు దేశమంతటా వ్యాపించాయి. సోమరితనం, పిరికితనం, దొంగబుద్ధి, అర్థంలేని నవ్వు, ఇవే నల్లజాతి లక్షణాలని ఆ ప్రదర్శనలు తరతరాలుగా ప్రేక్షకులకు నూరిపోశాయి. తరువాతి కాలంలో దక్షిణ రాష్ట్రాలలో నల్లవారిని పాఠశాలలనుండి, బండ్లనుండి, భోజనశాలలనుండి వేరుచేసిన చట్టాలకు కూడా జిమ్ క్రో చట్టాలనే పేరే నిలిచింది.

ఈ మూసను కార్టూను చిత్రం అందిపుచ్చుకొన్నది. కార్టూను ఏడెనిమిది నిమిషాలలో ముగిసే వినోదం. పాత్రను నిదానంగా పరిచయం చేయడానికి అందులో వ్యవధి ఉండదు. తెరమీద కనిపించిన క్షణంలోనే అది ఎవరో ప్రేక్షకునికి తెలియాలి. అందుచేత చిత్రకారుడు జనం అదివరకే ఎరిగిన మూసను ఆశ్రయిస్తాడు. పైగా ఒక్క చిత్రానికి వేలకొలది బొమ్మలు కావాలి. వాటిని అనేకులు గీస్తారు. అందరి బొమ్మలూ ఒకే తీరున ఉండడానికి ప్రతి పాత్రకూ ఒక నమూనా పత్రం తయారుచేసి అందరికీ పంచిపెడతారు. సజీవ నటుడు ఎంత చెడ్డ పాత్రలోనైనా ఒక చూపులోనో, ఒక నిట్టూర్పులోనో తన మనుష్యత్వాన్ని చొప్పించగలడు. నమూనా పత్రానికి అట్టి స్వాతంత్ర్యం లేదు.

1932లో వాల్ట్ డిస్నీ సంస్థ ఫ్లవర్స్ అండ్ ట్రీస్ అనే చిత్రంతో మూడు వర్ణాల టెక్నికలర్ పద్ధతిని కార్టూనులలో ప్రవేశపెట్టింది. అడవులు, పూలు, ఆకాశం అపూర్వమైన శోభను సంతరించుకొన్నాయి. అదే కుంచె నల్లని ముఖాన్ని, విపరీతమైన ఎర్రని పెదవులను, తెల్లని కనుగుడ్లను కూడా మరింత ప్రస్ఫుటం చేసింది. 1935లో విడుదలై ఆస్కార్ పొందిన త్రీ ఆర్ఫన్ కిటెన్స్ అనే డిస్నీ చిత్రంలో ఇంటి పనులు చూచే నల్లజాతి స్త్రీ ఉన్నది. 1940లో టామ్, జెర్రీల తొలి చిత్రంలో అటువంటి స్త్రీయే తిరిగి వచ్చింది. ఈ స్త్రీలకు పాదాలు, గొంతు, కోపం ఉన్నవేగాని, ముఖం మాత్రం కనిపించదు. 1941లో వాల్టర్ లాంట్జ్ నిర్మించిన ఒక చిత్రం దక్షిణాదిలోని ఒక ఊరి నల్లజాతి జనమంతా నిద్రమత్తులో జోగుతున్నట్లు చూపింది. 1948లో అది మరల విడుదలైనపుడు నల్లజాతి హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి. నిరసన తెలిపింది. మరుసటి ఏడు యూనివర్సల్ సంస్థ దానిని ఉపసంహరించుకొన్నది.

బాస్కెట్ జీవనోపాధి వెతుక్కొన్నది ఈ వాతావరణంలోనే. 1941లో విడుదలైన డంబో అనే డిస్నీ చిత్రంలో చిన్న ఏనుగును ఆటపట్టించి, తరువాత జాలిపడి, ఎగరడానికి సాహసం కలిగించే కాకుల గుంపు ఒకటి వస్తుంది. వాటిలో ఒక కాకికి బాస్కెట్ గొంతునిచ్చాడు. గుంపులో పలువురి గొంతులు నల్లజాతి కళాకారులవి. నాయకుడైన కాకి గొంతు మాత్రం క్లిఫ్ ఎడ్వర్డ్స్ అనే తెల్లజాతి నటునిది. ఆ నాయకునికి నిర్మాణశాల కాగితాలలో పెట్టిన పేరు జిమ్ క్రో. ఆ చిత్రంలో అనాదరణ పొందిన చిన్న ప్రాణిపై సానుభూతి చూపినవి ఆ కాకులే. అయినా వాటి నడకలో, మాటలో మిన్‌స్ట్రెల్ ఛాయలు వదలలేదు.

1944 నుండి బాస్కెట్ ఆమోస్ అండ్ ఆండీ అనే రేడియో కార్యక్రమంలో గాబీ గిబ్సన్ అనే మాటకారి న్యాయవాది పాత్ర ధరించాడు. 1928లో ప్రారంభమైన ఆ కార్యక్రమంలో ప్రధానులైన ఇద్దరు నల్లజాతి మిత్రులుగా మాట్లాడినవారు ఇద్దరు తెల్లజాతి నటులు. వారి ప్రక్కన నిలిచి, వారు కల్పించిన నల్లజాతి యాసలో మాట్లాడవలసి రావడం నిజమైన నల్లజాతి నటునికి కలిగిన విచిత్రమైన అవస్థ.

ఇంతలో డిస్నీ సంస్థ అంకుల్ రెమస్ కథలను చిత్రంగా తీయ సంకల్పించింది. ఈ కథలను 1880లో పుస్తకంగా ప్రచురించినవాడు జార్జియా రాష్ట్రానికి చెందిన జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్లజాతి పత్రికారచయిత. అతడు బాల్యంలో టర్న్‌వోల్డ్ అనే తోటలో ముద్రణాలయపు పని నేర్చుకొంటూ, అక్కడి బానిసలు చెప్పుకొనే కథలు విన్నాడు. బలహీనమైన కుందేలు తన యుక్తితో నక్కను, ఎలుగుబంటిని ఓడించే ఆ కథలలో పెక్కింటికి మూలం ఆఫ్రికా. బలవంతుని ఎదుట నోరెత్తలేని బానిసలు తమ మనసులోని మాటను కుందేలు ద్వారా చెప్పుకొన్నారు. వీటిలో తారుబొమ్మ కథ మన పాఠకులకు పూర్తిగా కొత్తది కాదు. కాళ్లు, చేతులు, తల ఒక్కొక్కటిగా రాక్షసుని దేహానికి అంటుకొనిపోయిన రాజకుమారుని కథ బౌద్ధుల పంచాయుధ జాతకంలో ఉన్నది. ఈ రెంటికీ గల సంబంధాన్ని జోసెఫ్ జేకబ్స్ వంటి పండితులు చర్చించారు.

హారిస్ ఈ కథలను రెమస్ అనే వృద్ధునిచేత ఒక తెల్లజాతి బాలునికి చెప్పించాడు. అంకుల్ అనే పిలుపును కూడా ఇక్కడ గమనించాలి. తెలుగునాట ముసలివానిని తాత అనో మామ అనో పిలవడం ఆప్యాయత, మర్యాద. ఆనాటి అమెరికా దక్షిణాదిలో వయసు మీరిన నల్లవానిని అంకుల్ అనడానికి కారణం వేరు. తెల్లవారి పేర్లముందు ఉంచే మిస్టర్ అనే గౌరవవాచకాన్ని అతనికి ఇవ్వడం అక్కడివారికి ఇష్టం లేదు.

బాస్కెట్ మొదట ఒక సీతాకోకచిలుకకు గొంతునిచ్చే చిన్న పని కోరి వచ్చాడని చెబుతారు. ఆ గొంతు విన్న డిస్నీ ప్రధానపాత్ర అయిన రెమస్‌నే ఆయనకు ఒప్పగించాడు. అప్పటికి బాస్కెట్ వయస్సు నలుబది సంవత్సరాలు. పాత్ర నెరసిన గడ్డంతో ఉన్న వృద్ధునిది. రెమస్‌గా నటించడమే కాక ఆయన కార్టూను భాగాలలో నక్కకు గొంతునిచ్చాడు. కుందేలుకు గొంతునిచ్చే జానీ లీ అందుబాటులో లేనపుడు ఒక ఘట్టంలో కుందేలు కూడా ఆయనే అయ్యాడు. కొన్ని దృశ్యాలలో సజీవ నటుడు, గీసిన బొమ్మలు కలిసి కనిపిస్తారు. చిత్రీకరణ సమయంలో నటుని ఎదుట ఏమీ ఉండదు. బొమ్మను తరువాత చేరుస్తారు. లేని కుందేలును చూచి నవ్వాలి, లేని పిట్టతో ముచ్చటించాలి. ఆ శూన్యాన్ని బాస్కెట్ తన చూపుతో నింపాడు. ఇన్నేళ్లలో తనకు లభించిన ఉత్తమ నటులలో ఒకడని డిస్నీ తన సోదరికి వ్రాసిన లేఖలో ఆయనను ప్రశంసించాడు.

నటన ఉత్తమమే, కథాసన్నివేశమే వివాదాస్పదమైనది. చిత్రకథను వ్రాయడానికి మొదట కుదిరినవాడు డాల్టన్ రేమండ్ అనే దక్షిణాది రచయిత. నల్లజాతి పాత్రలకు హుందాతనం కల్పించాలని సూచించిన క్లారెన్స్ మ్యూజ్ అనే నల్లజాతి నటుని మాట చెల్లకపోగా, అతడు తప్పుకొన్నాడు. దోషాలను తగ్గించడానికి నియమింపబడిన మారిస్ రాఫ్ అనే రచయిత కూడా కొంతకాలానికి వైదొలగాడు. కథాకాలం అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన తరువాతిది. రెమస్ ఒక సందర్భంలో మూట కట్టుకొని అట్లాంటాకు బయలుదేరడమే అతడు స్వతంత్రుడని తెలుపుతుంది. కాని ఆ కాలమేదో చిత్రం ఎక్కడా స్పష్టంగా చెప్పదు. పాడుకొంటూ పొలానికి పోయే కూలీలను, దయగల యజమానులను చూచిన ప్రేక్షకునికి బానిసత్వం ఒక సుఖస్వప్నంగా తోచే ప్రమాదం ఏర్పడింది.

సాంగ్ ఆఫ్ ది సౌత్ అనే ఈ చిత్రం 1946 నవంబరు 12న అట్లాంటాలోని ఫాక్స్ థియేటరులో మొదట ప్రదర్శింపబడింది. వర్ణవిభజన చట్టాలు అమలులో ఉన్న ఆ నగరంలో తక్కిన అతిథులతో పాటు బస చేయడానికిగాని, ఉత్సవాలలో పాల్గొనడానికిగాని వీలులేక బాస్కెట్ అక్కడకు వెళ్లలేదు. ఏడేళ్ల క్రితం అదే నగరంలో గాన్ విత్ ది విండ్ తొలి ప్రదర్శనకు హాటీ మెక్‌డానియెల్ కూడా ఇట్లే దూరమైంది. ఆ చిత్రానికి ఆమె 1940లో ఆస్కార్ అందుకొన్నపుడు సైతం ఆమెను వేరొక బల్ల వద్ద కూర్చుండబెట్టారు. ఆమె సాంగ్ ఆఫ్ ది సౌత్‌లోనూ వంటమనిషి పాత్రయే ధరించింది.

చిత్రం న్యూయార్కు చేరగానే ప్రదర్శనశాల ఎదుట నిరసనకారులు నిలిచారు. ఎన్.ఎ.ఎ.సి.పి. కార్యదర్శి వాల్టర్ వైట్ సాంకేతిక ప్రతిభను అంగీకరిస్తూనే, యజమాని-బానిస సంబంధానికి ఈ చిత్రం తప్పుడు తియ్యదనం పూసిందని విమర్శించాడు. కాంగ్రెస్ సభ్యుడు ఆడమ్ క్లేటన్ పావెల్ దానిని తీవ్రంగా ఖండించాడు. నల్లజాతి పత్రికలలో కొందరు విమర్శకులు దానిని మెచ్చుకొన్నారు కూడా. బాస్కెట్ తన చిత్రాన్ని సమర్థించుకొన్నాడు; చిత్రంకంటె విభేదాలు రేపే వర్గాలవల్లనే తన జాతికి ఎక్కువ హాని కలుగుతుందని ఆయన అభిప్రాయం. ఆ మాటతో ఏకీభవించనివారు సైతం దాని వెనుకనున్న వేదనను గుర్తించాలి. ఇరువది సంవత్సరాల కృషి తరువాత లభించిన ఏకైక మహాపాత్ర అది. దానిని తృణీకరించమని అడగడం సులభం. మరొక పాత్రను చూపగలవారెవరూ ఆనాడు లేరు.

1947 జనవరిలో డిస్నీ ఆస్కార్ అకాడమీకి లేఖ వ్రాసి బాస్కెట్‌కు ప్రత్యేక పురస్కారం ఇవ్వవలసిందని కోరాడు. మరుసటి ఏడు అది లభించేనాటికి మధుమేహం, హృద్రోగం ఆయనను క్రుంగదీశాయి. ఆయన గొంతులో ప్రసిద్ధమైన జిప్-అ-డీ-డూ-దా పాటకు కూడా అదే ఉత్సవంలో ఉత్తమగీతంగా ఆస్కార్ వచ్చింది. నాలుగు నెలలు తిరగకుండానే 1948 జులై 9న, నలుబదినాలుగవ ఏట, బాస్కెట్ కన్నుమూశాడు. స్వస్థలమైన ఇండియానాపొలిస్‌లోని క్రౌన్ హిల్ శ్మశానవాటికలో ఆయన అంత్యవిశ్రాంతి పొందుతున్నాడు.

ఆ చిత్రంలో ఎలుగుబంటికి గొంతునిచ్చిన నిక్ స్టూవర్ట్ తన భార్యతో కలిసి 1950లో లాస్ ఏంజెలిస్‌లో ఎబొనీ షోకేస్ థియేటర్ స్థాపించాడు. మూసపాత్రలు ధరించి కూడబెట్టిన ధనంతో, నల్లజాతి నటులకు గౌరవనీయమైన పాత్రలు కల్పించే రంగస్థలం నిలబెట్టాడు. 1968లో వార్నర్ సంస్థవారి పాత కార్టూనులలో పదకొండింటిని టెలివిజన్ ప్రసారం నుండి తొలగించారు. సాంగ్ ఆఫ్ ది సౌత్ అమెరికా ప్రదర్శనశాలలలో చివరిసారిగా 1986లో విడుదలైంది. ఆ దేశంలో గృహవీక్షణకు ఎన్నడూ విడుదల కాలేదు. ఆ చిత్రపు బొమ్మల ఆధారంగా డిస్నీ వినోదవనాలలో నిర్మించిన జలవిహారాన్ని అమెరికాలో 2023లో మూసివేసి, 2024లో టియానా అనే నల్లజాతి రాజకుమారి పేరుతో పునర్నిర్మించారు.

ఒక చిత్రాన్ని బీరువాలో దాచినంత మాత్రాన అన్యాయానికి పరిహారం పూర్తికాదు. బిడ్డలకు బొమ్మలు చూపే పెద్దలు, ఆ బొమ్మలో ఎవరి ముఖం కనిపిస్తున్నదో, ఎవరి ముఖం కనిపించకుండా పోయిందో కూడా చెప్పాలి. మూసను నిరసించే ఉత్సాహంలో, ఆ మూసలో బ్రతుకు వెళ్లదీసిన మనిషిని కూడా నిరసించడం న్యాయం కాదు. రెమస్ అనే వృద్ధుడు హారిస్ ఊహలో పుట్టాడు. డిస్నీ సంస్థ అతనికి రంగులు అద్దింది. అతని కన్నులలోని ఆర్ద్రత మాత్రం ఆ ఇద్దరిదీ కాదు. అది ఇండియానాపొలిస్‌లో పుట్టి, మందుల శాస్త్రం విడిచి, నాటకాన్ని నమ్ముకొన్న జేమ్స్ బాస్కెట్‌ది.